ఇచ్చిన మాట ఎవరి దగ్గర ఉంటుంది? 60 సెంట్ల చేను గురించి ఒక తమ్ముడికి సమాధానం

వందనాలు తమ్ముడూ. మీ ప్రశ్న రెండు మూడుసార్లు చదివాను. మిగతావాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. రాజోలు వైపు మీకు నాన్నగారి నుంచి వచ్చిన 60 సెంట్ల వరిచేను ఉంది. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నారు. ఆ చేను పదకొండేళ్ళుగా కౌలుకు చేస్తున్న రైతుకే ఎకరా 32 లక్షల లెక్కన ఇస్తానని, వేసవిలో ఊరు వెళ్ళినప్పుడు గట్టు మీద నిలబడి మాట ఇచ్చారు. అడ్వాన్స్ తీసుకోలేదు, కాగితం రాసుకోలేదు. ఇప్పుడు రొయ్యల చెరువు తవ్వాలనుకునేవాళ్ళు బ్రోకరు ద్వారా ఎకరా 38 లక్షలు ఇస్తామంటున్నారు. మీ చేనుకు తేడా 3 లక్షల 60 వేలు. పాపకు ఇంజనీరింగ్ ఫీజు కట్టాలి. అడ్వాన్స్ తీసుకోలేదు కాబట్టి తప్పేమీ లేదని మీకు తెలిసిన పాస్టర్ గారు చెప్పారు. ఇది దేవుడు తెరిచిన ద్వారమేమో అని ఇంట్లో అంటున్నారు. మీకు మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. విశ్వాసిగా ఏం చేయాలి అని అడిగారు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఆ చేను 32 లెక్కన ఆ రైతుకే ఇవ్వండి. ఎందుకో చెప్పడానికి కొంచెం ఎక్కువ రాయాల్సి వస్తుంది, ఓపిగ్గా చదవండి.

నేను కోనసీమలో ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా 34 ఏళ్ళు దస్తావేజు లేఖరిగా పనిచేశాను. అగ్రిమెంట్లు, క్రయ దస్తావేజులు, తనఖాలు, భాగపంపకాలు, ప్రామిసరీ నోట్లు, అన్నీ నా చేత్తో రాసినవే. మా చర్చిలో చాలా ఏళ్ళుగా సంఘపెద్దగా ఉన్నాను. కాగితం ఉండి కూడా తప్పుకున్నవాళ్ళనీ, కాగితం లేకపోయినా నిలబడ్డవాళ్ళనీ దగ్గరి నుంచి చూశాను. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ముందు ఆ అడ్వాన్స్ సంగతి చూద్దాం. డబ్బు చేతులు మారలేదు కాబట్టి మాట లేనట్టే అని చట్టం కూడా అనదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటి ఒప్పందం కూడా ఒప్పందమే. భూమి మీద హక్కు మారాలంటే రిజిస్టరు దస్తావేజు కావాలి, అది వేరే సంగతి. అమ్ముతానన్న ఒప్పందం నోటితో జరిగినా చెల్లుతుంది. కోర్టులో నిరూపించడమే కష్టం. సాక్షులు కావాలి, ధర ఇంత అని తేలాలి. అంటే అడ్వాన్స్ లేకపోవడం వల్ల మీ మాట తేలికైపోలేదు. ఆయన చేతిలో రుజువు లేకుండా పోయింది, అంతే. రుజువు లేదు కదా అని వెనక్కి తగ్గితే లోకం దాన్ని తెలివి అంటుంది. దేవుని ఎదుట దానికి వేరే పేరు ఉందని మీకు తెలుసు. నిద్ర పట్టనిది అందుకే.

ఇలాంటిదే ఇంకొకటి నా బల్ల దగ్గర తరచూ చూసేవాణ్ణి. ప్రామిసరీ నోటుకు గడువు మూడేళ్ళు. ఆ లోపు కొంత కట్టి నోటు వెనక చెల్లు వేస్తే మళ్ళీ ఆ తేదీ నుంచి లెక్క మొదలవుతుంది. చెల్లు లేకుండా మూడేళ్ళు దాటితే కాలదోషం పట్టిందంటారు, దావా వేసినా నిలవదు. ఆ రోజు కోసం ఎదురుచూసే విశ్వాసులు ఉన్నారంటే నమ్ముతారా? ఆదివారం ప్రభు సంస్కారం తీసుకుని, సోమవారం నా దగ్గరికి వచ్చి "అన్నా, ఆ నోటు ఎప్పటికి తీరిపోతుంది?" అని మెల్లగా అడిగినవాళ్ళు ఉన్నారు. తీరిపోవడం అంటే వాళ్ళ ఉద్దేశం కట్టడం కాదు, గడువు దాటడం. కాలదోషం పట్టేది దావా వేసే హక్కుకు, బాకీకి కాదు. అదే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లో, కాలదోషం పట్టిన బాకీని కూడా తీరుస్తానని మళ్ళీ రాసి సంతకం పెడితే ఆ రాత చెల్లుతుందని ఉంది. తమంతట తాము వచ్చి అలా రాయించి ఇచ్చినవాళ్ళు నా 34 ఏళ్ళలో ఇద్దరే. అందులో ఒకాయన క్రైస్తవుడు కాదు. ఆ సంగతి నన్ను చాలా రోజులు కుదురుగా ఉండనివ్వలేదు.

ఇక అసలు విషయం. మనం "మాట ఇచ్చాను" అంటాం. "మాట చెప్పాను" అనడం వేరు, "ఇచ్చాను" అనడం వేరు. ఇచ్చింది ఇక మన దగ్గర ఉండదు, పుచ్చుకున్నవాడి దగ్గర ఉంటుంది. మీ మాట ఇప్పుడు ఆ కౌలు రైతు దగ్గర ఉంది. దాన్ని మీకు తిరిగి ఇవ్వగలిగేది ఆయన ఒక్కడే. పాస్టర్ గారు ఇవ్వలేరు. మీ ఇంట్లోవాళ్ళు ఇవ్వలేరు. నేనూ ఇవ్వలేను. మీరు ప్రార్థన చేసి మీకు మీరే తిరిగి తీసుకోవడం కూడా కుదరదు.

ఆయన దాన్ని పట్టుకుని ఊరికే కూర్చోలేదు కూడా. డబ్బు సర్దుకోవడానికి పాడిగేదెను అమ్మేశాడని మీరే రాశారు. ఆ గేదె రోజూ ఇచ్చే పాలు ఆ ఇంటికి ఎంత ఆధారమో మన పల్లెల్లో పెరిగిన మీకు చెప్పక్కర్లేదు. ఇంకా ఎవరెవరి దగ్గర చేబదులు అడిగాడో, కూతురికో అల్లుడికో ఏం చెప్పుకున్నాడో మనకు తెలియదు. మీ మాట మీద కాలు పెట్టి ఆయన అప్పుడే ఒక అడుగు ముందుకు వేశాడు. ఇప్పుడు మీరు పక్కకు జరిగితే పడేది ఆయనే.

మన డెల్టాలో బతుకంతా ఇలాంటి మాటల మీదే నడుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి కాలువ నీళ్ళు వచ్చి మన నేల రెండు పంటల నేల అయ్యింది. ఆ రెండు పంటలూ చేసేవాళ్ళలో ఎక్కువమంది కౌలుదార్లే. మక్తా, అంటే యజమానికి ఇచ్చే కౌలు ధాన్యం, ఎన్ని బస్తాలో నోటితోనే మాట్లాడుకుంటారు. కొబ్బరి దింపుకు చెట్టుకింత అని నోటితోనే. దాళ్వాలో, అంటే రెండో పంటలో, నీళ్ళు తగ్గి వంతులు వేసినప్పుడు, "ఈ రాత్రి నీళ్ళు నువ్వు పెట్టుకో, రేపు రాత్రి నాకు వదులు" అని బోదె (చిన్న పంటకాలువ) గట్టు మీద అనుకునేది నోటితోనే. రెండో రోజు ఆ మనిషి వదలకపోతే మనం ఏ ఆఫీసుకు వెళ్ళాలి? వెళ్ళి వచ్చేలోపు చేను నెర్రెలు తీస్తుంది. మాట తప్పడం వల్ల వచ్చే నష్టం ఎక్కువగా కాగితం రాయించుకునే స్తోమత లేనివాడి మీదే పడుతుంది. అందుకే ఇది నాకు పొలం బేరానికి సంబంధించిన చిన్న విషయంగా అనిపించదు.

ఇప్పుడు వాక్యం దగ్గరికి వస్తాను. 15వ కీర్తన మీకు తెలుసు. యెహోవా గుడారంలో అతిథిగా ఉండదగినవాడు ఎవడు అని మొదలవుతుంది. జవాబులో ఉపవాసాల సంగతి లేదు, కానుకల సంగతి లేదు. పొరుగువాడి మీద నింద వేయనివాడు, వడ్డీకి ఇవ్వనివాడు, లంచం పుచ్చుకోనివాడు అని వరసగా చెబుతూ మధ్యలో "అతడు ప్రమాణము చేయగా నష్టము కలిగినను మాట తప్పడు" అంటుంది. నష్టము కలిగినను అన్న మాట దగ్గర ఆగండి. నష్టం లేనప్పుడు మాట నిలబెట్టుకోవడం ఎవరైనా చేస్తారు. ఆ రైతుకు 32కి ఇస్తానన్నప్పుడు మార్కెట్ కూడా 32 అయితే, అక్కడ మీ గుణం ఏమిటో మీకే తెలియదు. ఈ 3 లక్షల 60 వేలు వచ్చాకే ఆ వాక్యం మీ ఇంటి గుమ్మం తొక్కింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ వాక్యాన్ని అప్పు ఇచ్చినవాళ్ళు అప్పు తీసుకున్నవాళ్ళ మీద కర్రలా వాడటం నేను చూశాను. "బైబిల్‌లో నష్టమైనా మాట తప్పకూడదని ఉంది కదా, గేదెను అమ్మి కట్టు" అని. అది చాలా తప్పు. ఆ వాక్యం మాట ఇచ్చినవాడు తనకు తాను చదువుకోవాల్సింది. మాట పుచ్చుకున్నవాడికి ఇచ్చిన పని వేరే ఉంది. అది నేను మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను.

1996 నవంబరు 6 తుపాను మీకు గుర్తుండకపోవచ్చు, మీరు చిన్నవాళ్ళయి ఉంటారు. సార్వా, అంటే మొదటి పంట, కోతకు వచ్చిన సమయం. ఒక్క రాత్రిలో కొబ్బరి చెట్లు మొదళ్ళతో సహా పడిపోయాయి. చేలన్నీ నీళ్ళలో పడుకున్నాయి. మా నాన్నగారికి ఎకరంన్నర ఉండేది, మా పేటకే చెందిన ఒకాయన మక్తాకి చేసేవాడు. ఆ ఏడు ఆయనకు తిండిగింజలు కూడా రాలేదు. సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం సైకిల్ మీద రెండు బస్తాలు వేసుకుని వచ్చాడు. ఆ ధాన్యం రంగు మారిపోయి, ముక్క వాసన వస్తోంది. "ఇవి ఉంచండి అయ్యా, మిగతావి దాళ్వా గింజ చేతికి రాగానే తెచ్చి పోస్తాను. మాట మాటే" అన్నాడు. మా నాన్నగారు అరుగు మీంచి లేచి, ఆ బస్తాలు మళ్ళీ సైకిల్‌కి ఆయనే కట్టారు. "నువ్వు మాట తప్పలేదు. నీ మాట నా దగ్గర ఉంది. నేను తిరిగి ఇచ్చేస్తున్నాను, తీసుకుపో" అన్నారు. ఆయన ఏడ్చాడు. మా నాన్నగారు పెద్దగా చదువుకోలేదు, అర్థం చెప్పే అలవాటు కూడా లేదు. అప్పటికే నేను దస్తావేజులు రాసే పనిలో ఉన్నాను, చట్టం తెలుసనుకునేవాణ్ణి. మాట అంటే ఏమిటో మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది.

ఆ ఇద్దరిలో ఎవరి పని వారు చేశారు చూడండి. కౌలు రైతు "తుపాను కదా" అని తనను తాను క్షమించుకోలేదు. యజమాని "మాట మాటే కదా" అని పిండుకోలేదు.

ఇప్పుడు ఆ "దేవుడు తెరిచిన ద్వారం" గురించి. తమ్ముడూ, ఇది కొంచెం గట్టిగా చెబుతున్నాను, మనసు నొప్పించాలని కాదు. మన సంఘాల్లో మాట తప్పడానికి ఎక్కువగా వాడే మాట ఇదే. పెళ్ళి సంబంధం ఖాయం చేసుకుని, ఇంకా మంచిది రాగానే "ప్రార్థనలో మాకు సమాధానం రాలేదండి" అంటారు. ఒక సంఘానికి వాక్యం చెప్పడానికి వస్తానని ఒప్పుకుని, పెద్ద సభకు పిలుపు రాగానే "ప్రభువు ఇటు నడిపిస్తున్నాడు" అంటారు. "ప్రభువు చిత్తమైతే వస్తాను" అన్న మాట యాకోబు పత్రికలో రేపటి మీద మనకు అధికారం లేదని ఒప్పుకోవడానికి ఉంది. మనం దాన్ని రానని ముఖం మీద చెప్పలేక వాడుతున్నాం. ఎక్కువ డబ్బు వచ్చే ప్రతి దారీ దేవుడు తెరిచిందే అయితే, మీ రైతు గేదెను అమ్మిన దారి ఎవరు తెరిచారు? ఆయన కూడా ప్రార్థన చేసుకునే ఉంటాడు.

పౌలు మీద కూడా ఈ నింద వచ్చింది. కొరింథుకు వస్తానని ప్రయాణం మార్చుకుంటే, ఈయన మాట ఒకసారి అవును, ఒకసారి కాదు అన్నారు. 2 కొరింథీ మొదటి అధ్యాయం చూడండి. ఆయన దాన్ని చిన్న విషయంగా కొట్టిపారేయలేదు. ఎందుకు రాలేదో విప్పి చెప్పాడు, మీ మీద కనికరంతోనే ఆగాను అని దేవుణ్ణి సాక్షిగా పెట్టాడు. చెబుతూ చెబుతూ, దేవుని వాగ్దానాలన్నీ క్రీస్తులో అవును అయ్యాయి అనే దాకా వెళ్ళాడు. నేను ఈ భాగం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. మన మాటకు ఆ వాగ్దానాలకు సంబంధం ఉందని పౌలు అనుకున్నాడు. మాట నిలబెట్టుకునే దేవుణ్ణి నమ్ముకున్నామని చెప్పేవాళ్ళు మాట మార్చితే, ఊరివాళ్ళు మన దేవుడి గురించి ఏమనుకోవాలి?

అయితే ప్రతి మాటనూ ఎలాగైనా నిలబెట్టాల్సిందేనా? కాదు. హేరోదు విందులో అందరి ముందు ఒట్టు పెట్టుకుని, ఆ పరువు కోసం బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికించాడు. యెఫ్తా తొందరపడి మొక్కుకుని కన్నకూతుర్ని పోగొట్టుకున్నాడు. పాపం చేస్తానని ఇచ్చిన మాటను పాపం చేసి నిలబెట్టకూడదు. మనది కానిదాన్ని ఇస్తానన్న మాట కూడా అంతే. ఆ 60 సెంట్లలో మీ అక్కచెల్లెళ్ళకు గానీ తమ్ముడికి గానీ వాటా ఉండి, వాళ్ళను అడగకుండా మీరు మాట ఇచ్చి ఉంటే, వాళ్ళ వాటా మీద మీ మాటకు అధికారం లేదు. అప్పుడు ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. మీరు రాసినదాన్ని బట్టి చేను మీ ఒక్కరి పేరు మీదే ఉంది కాబట్టి మీకు ఈ దారి లేదు.

మరి మోసపోయి ఇచ్చిన మాట? యెహోషువ 9వ అధ్యాయంలో దగ్గర్లోనే ఉండే గిబియోనీయులు బూజు పట్టిన రొట్టెలు, పాత చెప్పులు చూపించి దూరదేశం వాళ్ళమని అబద్ధం చెప్పి ఒడంబడిక చేసుకున్నారు. మూడు రోజుల్లో నిజం బయటపడింది. అయినా ఇశ్రాయేలు పెద్దలు ప్రమాణం చేశాం అని వాళ్ళను చంపలేదు. ఎన్నో తరాల తర్వాత సౌలు రాజు గిబియోనీయులను చంపి ఆ మాట తప్పితే, దావీదు రోజుల్లో మూడేళ్ళు కరువు వచ్చిందని 2 సమూయేలు 21లో ఉంది. మీ రైతు మిమ్మల్ని మోసం కూడా చేయలేదు.

ఇంకో పరిస్థితి ఉంది. నిజంగానే నిలబెట్టుకోలేని స్థితి. జబ్బు, ఉద్యోగం పోవడం, తుపాను. అప్పుడేం చేయాలో సామెతలు 6వ అధ్యాయం మొదట్లో చాలా చక్కగా ఉంది. ఇంకొకడి కోసం హామీ పడి చిక్కుకున్నవాడితో, త్వరగా వెళ్ళు, నిన్ను నువ్వు తగ్గించుకుని బతిమాలు, అది తేలేదాకా కళ్ళకు నిద్ర రానివ్వకు అంటుంది. ఫోన్ ఎత్తకుండా ఉండమని అనలేదు. బ్రోకరు చేత చెప్పించమని అనలేదు. మనమే వెళ్ళాలి, తొందరగా వెళ్ళాలి, అవతలివాడికి అప్పటికే జరిగిన నష్టాన్ని మనమే భరిస్తామని చెప్పాలి. ఆ తర్వాత విడిచిపెట్టడం, పెట్టకపోవడం ఆయన ఇష్టం. మీది ఈ పరిస్థితి అని నాకు అనిపించలేదు. 19 లక్షల 20 వేలు రాబోతున్నాయి. 22 లక్షల 80 వేలు రాకపోవడం ఇబ్బందే, కానీ చేతగాకపోవడం కాదు.

ఇదంతా చదివి మీరు నన్ను పెద్ద నీతిమంతుడని అనుకోకూడదు. అందుకే నా తప్పు ఒకటి చెప్పాలి.

నేను బల్ల వేసి నాలుగైదేళ్ళు అయిన రోజులవి. నది మధ్యనున్న ఒక లంక గ్రామం నుంచి ఒకావిడ వచ్చేది. భర్త చనిపోయాడు, ఇంటి స్థలం కాగితాలు ఆవిడ పేరు మీదకు మార్చుకోవాలి. "సోమవారం రా అమ్మా, రాసి ఉంచుతాను" అన్నాను. సోమవారం వచ్చింది. నేను పెద్ద రిజిస్ట్రేషన్ పనిలో ఉన్నాను, "గురువారం రా" అన్నాను. గురువారం నేను వేరే ఊరు వెళ్ళాను, చెప్పి పంపలేదు. అలా నాలుగుసార్లు తిప్పాను. ఆవిడ పడవ దాటి, ఆ తర్వాత బస్సు ఎక్కి రావాలి. వచ్చిన ప్రతి రోజూ ఊడ్పు కూలి పోయేది. నాలుగోసారి వచ్చినప్పుడు కోప్పడలేదు. బల్ల పక్కన కింద కూర్చుని, "మీరు గుళ్ళో వాక్యం చదువుతారంట కదా బాబూ. అందుకని ఇంకెవరి దగ్గరికీ వెళ్ళకుండా మీ దగ్గరికే వస్తున్నాను" అంది.

ఆ రోజు మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఆవిడ కాగితం రాశాను, ఫీజు తీసుకోలేదు. కానీ పోయిన నాలుగు రోజుల కూలి నేను ఇవ్వలేదు. ఇవ్వాలని తోచేసరికి చాలా ఏళ్ళు గడిచాయి. వెతుక్కుంటూ వెళ్తే, ఏటికోతకు ఆ లంకలో కొంత భాగం పోయి కొన్ని కుటుంబాలు వేరే చోటికి వెళ్ళిపోయాయని చెప్పారు. ఆవిడ దొరకలేదు. క్రీస్తు పేరు చూసి ఆవిడ నా మాట నమ్మింది. ఆ పేరు మీద నాకు వచ్చిన నమ్మకాన్ని నేను వాడుకున్నాను. దేవుడు క్షమించాడని నమ్ముతున్నాను. ఆ కూలి మాత్రం ఇంకా నా లెక్కలోనే ఉంది.

అందుకే పొలం మాటల కంటే చిన్న మాటల గురించి నాకు ఎక్కువ భయం. "రేపు ఇచ్చేస్తాను", "దారిలో ఉన్నాను, పది నిమిషాలు", "మీ కోసం ప్రార్థన చేస్తున్నాను". ఈ చివరిదాన్ని మనం ఎంత తేలిగ్గా అనేస్తామో! నేను జేబులో ఒక చిన్న పుస్తకం పెట్టుకుంటాను. ప్రార్థన చేస్తానని ఎవరికైనా చెబితే ఆ పేరు అక్కడే రాసుకుంటాను. రాసుకోలేని పరిస్థితి అయితే చేస్తానని చెప్పను, అక్కడే నిలబడి రెండు మాటలు ప్రార్థించి పంపుతాను.

పంటకోత పండుగ వేలంపాట కూడా ఇలాంటిదే. గుడికి తెచ్చిన మొదటి గెల, కోడిపుంజు, గుమ్మడికాయ వేలం వేస్తే, పోటీలో పడి ఒక కొబ్బరికాయను వేలకు పాడేస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. డబ్బు తర్వాత ఇస్తామంటారు. మళ్ళీ ఏడాది పండుగ వచ్చేసరికి పాత పాటల బాకీల జాబితా కోశాధికారి దగ్గర అలాగే ఉంటుంది. "నీవు మ్రొక్కుకొని చెల్లింపకుండుటకంటె మ్రొక్కుకొనకుండుటయే మేలు" అని ప్రసంగి 5లో ఉన్న మాట మా సంఘంలో వేలం మొదలుపెట్టే ముందు చదివిస్తున్నాం. పాటలు కొంచెం తగ్గాయి. నాకు అందులో బాధేమీ లేదు.

ఒట్ల గురించి కూడా ఒక్క మాట. "పిల్లల మీద ఒట్టు", "బైబిల్ మీద చెయ్యి వేసి చెబుతున్నా" అనే విశ్వాసులు మీకూ తెలిసే ఉంటారు. ఒట్టు పెడితేనే నమ్మాల్సి వచ్చిందంటే, ఒట్టు లేని మాటలు నమ్మక్కర్లేదని మనమే చెప్పుకున్నట్టు. యేసు ప్రభువు మత్తయి 5లో అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండమన్నది అందుకే. మీరు గట్టు మీద ఒట్టు పెట్టలేదు, ఇస్తాను అన్నారు. ఆయనకు అది చాలింది.

ఇక మీరు చేయాల్సిన పని. మొదట మీ ఆవిడతో కూర్చోండి. ఆవిడను అడగకుండా మాట ఇచ్చి ఉంటే, అది మీ తప్పని ఆవిడ దగ్గర ఒప్పుకోండి. 3 లక్షల 60 వేలు వదులుకోవడం ఆ ఇంటికి కూడా నష్టమే. ఆ నష్టంలో ఆవిడను లాక్కుపోవడం కాదు, కలుపుకోవాలి. ఆ తర్వాత బ్రోకరుకు ఈ రోజే ఒక్క మాట చెప్పండి, చేను మాట అయిపోయింది అని. చూద్దాం, ఆలోచిస్తాను అంటే వాళ్ళు రేటు పెంచుకుంటూ పోతారు, మీకు ఇంకా టెన్షన్ పెరుగుతుంది. చెరువు తవ్వితే పక్క చేలకు ఉప్పు ఊట దిగే సంగతి కూడా ఉంది. దాని గురించి నేను ఇక్కడ ఎక్కువ రాయను, మీ ఊరి రైతులు నాకంటే బాగా చెబుతారు.

ఆ రైతుకు ఎక్కువ ధర వచ్చిన సంగతి చెప్పాలా అని మీకు అనుమానం రావచ్చు. నా అభిప్రాయం, గొప్ప కోసం చెప్పకండి. కానీ ఊళ్ళో బ్రోకరు తిరిగాడు కాబట్టి ఆయనకు ఎలాగూ తెలుస్తుంది, తెలిసి భయపడుతూ ఉంటాడు. "ఎవరో అడిగారు, నీకు మాట ఇచ్చానని చెప్పేశాను" అని మీ నోటితో వింటే ఆయన కుదుటపడతాడు.

తర్వాత కాగితం రాసుకోండి. మాట ఉండగా కాగితం ఎందుకు అనకండి. మనుషులు పోతారు, మరుపు వస్తుంది, ఇద్దరి పిల్లల మధ్య గొడవ రాకూడదు. ఈసీ (చేను మీద తనఖాలు, అమ్మకాలు ఏమున్నాయో చూపే పత్రం) తీయించండి, పాస్‌బుక్, 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు సరిచూసుకోండి, సర్వే నంబరు, హద్దులు, 60 సెంట్లు అని అంకెల్లో, అక్షరాల్లో రాయించండి. అడ్వాన్స్ బ్యాంకు ద్వారానే తీసుకోండి. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. దస్తావేజులో కూడా ఎకరా 32 లెక్కే రాయించండి. స్టాంపు ఖర్చు కలిసొస్తుందని తక్కువ విలువ రాసి మిగతాది చేతికి ఇచ్చుకోవడం మన వైపు మామూలైపోయింది, అలాంటివి నేనూ రాసి పెట్టాను. కింద "పైన రాసిన మొత్తం ముట్టినది" అని ఇద్దరూ సంతకం పెడతారు. అది అబద్ధం మీద పెట్టిన సంతకం. కౌలు రైతు దగ్గర మాట నిలబెట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఎదుట తప్పితే ఏం లాభం?

పాప ఫీజు విషయం. మీరు ధర మాట్లాడుకున్నారు, గడువు మాట్లాడుకోలేదు. అక్కడ మీకు చోటుంది. ఆయన దగ్గరికి వెళ్ళి, ఫలానా తేదీకి ఫీజు కట్టాలి, అప్పటికి ఎంత సర్దగలవు అని అడగండి. గేదె అమ్మిన డబ్బు చేతిలో ఉంటే అది అడ్వాన్స్‌గా ఇవ్వగలడు, మిగతాదానికి సార్వా నూర్పిళ్ళ దాకా సమయం ఇవ్వండి. రిజిస్ట్రేషన్ అప్పుడు పెట్టుకోవచ్చు. అప్పటికీ ఫీజుకు తక్కువ పడితే విద్యా రుణానికి బ్యాంకులో ముందే దరఖాస్తు పెట్టండి, చేను డబ్బు రాగానే కట్టేయొచ్చు. అగ్రిమెంట్ ముసాయిదా ఎలా ఉండాలో కావాలంటే ఇక్కడే అడగండి, రాసి పెడతాను. రేపు సాయంత్రం దాకా నాకు వేరే పనులు ఉన్నాయి, ఎల్లుండి ఉదయం తప్పకుండా చూస్తాను.